పాసు గిట్టుబాటు కావాలంటే ఇల్లు దగ్గరుండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, వినోద పార్కుల ఏడాది పాసుల ప్రకటనలు మొదలవుతాయి. ‘మూడుసార్లు వెళ్తే పాసు డబ్బులు వచ్చేసినట్టే, నాలుగోసారి నుంచి ఉచితం’ అన్నది వాటి సారాంశం. లెక్క పూర్తిగా తప్పని అనను. కానీ అది గేటు లోపలి లెక్క మాత్రమే. గేటు బయట ఇంకో లెక్క ఉంది. హైదరాబాద్ లాంటి పరుచుకుపోయిన ఊళ్లో ఆ బయటి లెక్కే పాసు తలరాత తేలుస్తుంది. కొనాలా వద్దా అని ఇంట్లో చర్చ నడుస్తున్నవాళ్లకు పనికొస్తుందని ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, ఏమీ అనుకోకండి.

ముందుగా దూరం. 2016లో తెరిచిన వండర్‌లా వినోద పార్కు రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర ఉంది. 1996 నుంచి ఉన్న రామోజీ ఫిల్మ్‌సిటీ విజయవాడ హైవే మీద, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు. ఒకటి నగరానికి దక్షిణాన, ఇంకొకటి తూర్పున. పాసు కొనగలిగిన కుటుంబాల్లో చాలామందేమో కూకట్‌పల్లి, మియాపూర్, కొండాపూర్ వైపు కాపురం ఉంటారు. మెట్రో ఎర్ర లైను ఎల్బీనగర్‌తో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఈ రెంటిలో దేనికి వెళ్లాలన్నా బస్సో ఆటోనో సొంత బండో కావాలి. కూకట్‌పల్లి నుంచి రావిర్యాల రానూపోనూ 80 కి.మీ. పైమాటే.

ఈ 80 కిలోమీటర్లను పెట్రోలు ఖర్చుగానే చూస్తే సరిపోదు. పాసు వల్ల వచ్చే అసలు లాభాన్ని తినేసేది ఇదే. ఆ లాభం ఏమిటంటే, కొద్దిసేపు వెళ్లి రాగలగడం. రోజు టికెట్ కొన్నవాళ్లు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని గేటు తీసేసరికి చేరుకుని, మూసేదాకా ఉంటారు. ఎండలో నిలబడతారు, పిల్లలు సొమ్మసిల్లినా ఇంకో రైడు అంటారు. పాసున్నవాళ్లకు ఆ తొందర అక్కర్లేదు. మూడింటికి వెళ్లి, నచ్చిన రైడ్లు నాలుగు ఎక్కి, ఓ గంట నీళ్లలో ఆడి, చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే అయిపోతుంది కాబట్టి లోపలి తిండి ఖర్చు కూడా మిగులుతుంది. ఆదిభట్ల, తుక్కుగూడ, బడంగ్‌పేట, శంషాబాద్ వాళ్లకు రావిర్యాల అలాంటిది. హయత్‌నగర్, వనస్థలిపురం వాళ్లకు విజయవాడ హైవే అలాంటిది. కూకట్‌పల్లి వాళ్లు రెండున్నర గంటల ఆటకు 80 కిలోమీటర్లు తిరగరు. వెళ్తే పూర్తి రోజుకే వెళ్తారు. పూర్తి రోజుకే వెళ్లేటప్పుడు రోజు టికెట్ చాలు. కేబీఆర్ పార్కులో పొద్దున నడిచేవాళ్లకు ఏడాది పాసు ఎందుకు గిట్టుతుందో ఆలోచించండి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాళ్లు లేచి బూట్లు వేసుకుంటే పార్కు వచ్చేస్తుంది. ఉప్పల్ నుంచి వచ్చి అక్కడ నడవాలంటే ఎంత అగ్గువకు ఇచ్చినా పాసు దండగే.

ఇక డబ్బు లెక్క. పార్కుల ధరలు సీజను సీజనుకూ, వారంలో రోజును బట్టీ మారుతుంటాయి. అందుకే నేను వాడే అంకెలు ఏ పార్కువీ కావు, లెక్క చూపడానికి వేసుకున్నవి. మీరు వెళ్లే పార్కు ధరలు వీటి స్థానంలో పెట్టుకోండి.

ఆదివారం కౌంటర్ దగ్గర టికెట్ పన్నుతో కలిపి రూ. 1,600 అనుకుందాం. పాసు ధర ప్రకటనలో రూ. 4,200 అని పెద్ద అక్షరాల్లో ఉంది. 4,200ను 1,600తో భాగిస్తే 2.6 వస్తుంది. ‘మూడుసార్లు చాలు’ అన్న మాట ఇక్కడ పుట్టింది. ఇందులో రెండు కిటుకులున్నాయి. మొదటిది పన్ను. వినోద పార్కుల ప్రవేశంపై జీఎస్టీ మొదట్లో 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. పాసు ధర పక్కన చుక్క గుర్తు పెట్టి, కింద ‘పన్నులు అదనం’ అని సన్నగా వేస్తే మీరు కట్టాల్సింది 4,956. రెండోది, పోల్చే టికెట్. కౌంటర్ దగ్గర పూర్తి ధర పెట్టి కొనేవాళ్లు ఎందరు? ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే తగ్గింపు, కాలేజీ ఐడీ కార్డుకు తగ్గింపు, 60 దాటినవాళ్లకు తగ్గింపు, బ్యాంకు కార్డుకు తగ్గింపు అని ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. పది శాతం తగ్గితే టికెట్ 1,440. అప్పుడు 4,956ను 1,440తో భాగిస్తే 3.4 పైనే వస్తుంది, అంటే నాలుగోసారికి గానీ పాసు గట్టెక్కదు. మామూలు రోజున స్టూడెంట్ తగ్గింపుతో 1,100కే దొరికే కుర్రాడికైతే ఐదోసారి దాకా ఆగాలి. పాసును పోల్చాల్సింది బోర్డు మీది ధరతో కాదు, పాసు లేకపోతే మీ చేతి నుంచి నిజంగా పోయే ధరతో.

అయినా ఇదీ గేటు లోపలి లెక్కే. నలుగురున్న కుటుంబం కూకట్‌పల్లి నుంచి వెళ్తే 80 కిలోమీటర్లకు, లీటరుకు 15 ఇచ్చే కారుకు, లీటరు రూ. 107 అనుకుంటే పెట్రోలు రూ. 570. ఔటర్ టోలు, పార్కింగు, లాకరు కలిపి ఓ 500 అనుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి మనిషికి 350 చొప్పున భోజనానికి 1,400. మొత్తం రూ. 2,500 దాకా తేలుతుంది. పాసున్నా లేకున్నా ఇది తప్పదు. ‘ఉచితంగా’ వెళ్లిన నాలుగోసారి కూడా ఇది కట్టాల్సిందే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పాసు లేకుండా ఈ కుటుంబం ఏడాదికి రెండుసార్లు వెళ్లేది. నలుగురికీ పెద్దల టికెట్టే అనుకుంటే ఒక్కోసారికి 5,760, పైఖర్చు 2,500, రెండుసార్లకు మొత్తం రూ. 16,520. పాసులు తీసుకుని నాలుగుసార్లు వెళ్తే పాసులకు 19,824, పైఖర్చులకు 10,000, మొత్తం రూ. 29,824. నాలుగుసార్లూ టికెట్లే కొంటే 23,040 అయ్యేది, ఆ లెక్కలో వాళ్లు రూ. 3,216 మిగిల్చుకున్నారు, ఆ మాట నిజమే. ఇంటి ఖర్చు మాత్రం ఏడాదిలో రూ. 13,304 పెరిగింది. ఆదా అనే మాట ఎవరి వైపు నుంచి చెబుతున్నారో గమనించాలి.

అలాగని అదనంగా వెళ్లిన ఆ రెండుసార్లూ దండగ అనడం కూడా న్యాయం కాదు. పిల్లలు ఆడుకున్నారు కదా. కానీ వాటికి పూర్తి టికెట్ ధర వేసి లాభం చూపించకూడదు. ఆ ధర పెట్టాల్సి వస్తే మీరు వెళ్లేవాళ్లే కాదు. నేను చెప్పే పద్ధతి ఇది: పాసు లేకపోయినా వెళ్లేవాటికి పూర్తి ధర వేయండి, పాసు ఉంది కదా అని వెళ్లేవాటికి సగం ధర వేయండి. కూకట్‌పల్లి కుటుంబంలో మనిషికి రెండు పూర్తివి 2,880, రెండు సగానివి 1,440, మొత్తం 4,320. పాసు ధర 4,956 కన్నా తక్కువ, కాబట్టి వద్దు. అదే ఆదిభట్లలో ఉండి, ఎలాగూ మూడుసార్లు వెళ్లే కుటుంబం పాసుంటే ఇంకో నాలుగు సాయంత్రాలు వెళ్తుందనుకోండి. పూర్తివి 4,320, సగానివి 2,880, మొత్తం 7,200. వీళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. పార్కు ఒక్కటే, పాసు ఒక్కటే. తేడా ఇల్లు ఉన్న చోటులో ఉంది.

‘ఎన్నిసార్లు వెళ్తాం’ అన్నదానికి ఆశతో జవాబు చెప్పుకోకుండా గోడకున్న క్యాలెండర్ దింపి చూడాలి. పాసు చెల్లని రోజుల జాబితాను పార్కు నుంచి అడిగి తీసుకుని ముందు ఆ తేదీలు కొట్టేయండి. సాధారణంగా అవి వేసవి శని ఆదివారాలు, దసరా సెలవులు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, సంక్రాంతి. అంటే పిల్లలకు బడి లేని రోజులే. తెలంగాణలో 2024లోనూ 2025లోనూ వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, 49 రోజులు ఇచ్చారు. అందులో ఏడు ఆదివారాలు పోయాయి. దసరాకు 13 రోజులు. తర్వాత పరీక్షల నెల కొట్టేయండి. అమ్మమ్మ ఊరు వెళ్లే వారాలు, పెళ్లిళ్ల ముహూర్తాలు, ముసురు పట్టే ఆదివారాలు కొట్టేయండి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో నీళ్లలో దిగడానికి పిల్లలే వెనకాడతారు, అవీ తీసేయండి. మిగిలిన గళ్లలో మీరు నిజంగా కదిలే రోజులు లెక్కపెట్టండి. ఇంటర్‌లో చేరిన పిల్లల పేరు మీద మాత్రం పాసు తీసుకోకండి. మన కార్పొరేట్ కాలేజీల్లో ఆదివారం కూడా పరీక్షే.

మామూలు రోజుల్లో వెళ్లగలిగేవాళ్ల సంగతి వేరు. షిఫ్టు ఉద్యోగులు, వారం మధ్యలో సెలవుండే దుకాణదారులు, బడికి ఇంకా వెళ్లని పిల్లలున్న ఇళ్లు. వీళ్లకు వీక్‌డే పాసు అని విడిగా ఉంటే అదే మేలు. చౌక, రద్దీ ఉండదు, క్యూలో నిలబడే పని తక్కువ. ఒక్క చిక్కుంది. పార్కులు రైడ్లను విప్పి మరమ్మతులు చేసుకునేది కూడా జనం తక్కువుండే రోజుల్లోనే. వానాకాలంలో మంగళవారం వెళ్తే మీకు నచ్చిన రోలర్‌కోస్టర్ చుట్టూ తెర కట్టి ఉండొచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఏ రైడ్లు ఆపారో కనుక్కోవాలి. వానదీ అంతే. పిడుగుల భయం ఉంటే ఎత్తైన రైడ్లు నిలిపేస్తారు. తడిసిన చక్రాలు, పట్టాల మధ్య పట్టు తగ్గుతుంది కాబట్టి జల్లు పడినా కొన్నింటిని ఆపుతారు. రోజు టికెట్ కొన్నవాళ్లకు ఒక్కోచోట ఇంకో తేదీ ఇస్తారు. పాసుకు అలాంటి సౌకర్యం ఉండదు, ఎప్పుడైనా రావచ్చు కదా అంటారు. దగ్గరున్నవాళ్లకు ఆ మాట సమంజసం. ఔటర్ మీద 40 కిలోమీటర్లు వచ్చినవాళ్లకు కాదు.

పిల్లల పాసు కొనేముందు టేపు తీసుకుని ఇంట్లోనే కొలవండి. పిల్లల టికెట్‌కు చాలాచోట్ల వయసుతో పనిలేదు, ఎత్తే లెక్క. గేటు దగ్గర చెప్పులు విప్పించి గీత పక్కన నిలబెడతారు. ఆ గీత 140 సెం.మీ. దగ్గర ఉందనుకుందాం. ఐదు నుంచి పదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి 5, 6 సెం.మీ. పెరుగుతారు. ఇవాళ 136 ఉన్న పిల్లాడు పాసు గడువు తీరేలోపే గీత దాటేస్తాడు. కొన్నరోజు ఎత్తునే ఏడాదంతా లెక్కలోకి తీసుకుంటారా, వచ్చిన ప్రతిసారీ కొలిచి తేడా కట్టమంటారా? మొదటిదైతే ఈ పిల్లాడికి పాసంత లాభం ఇంకోటి లేదు. రెండోదైతే పిల్లల పాసు పేరుకే. ఈ ప్రశ్నకు జవాబు ఈమెయిల్లో తీసుకోండి, కౌంటర్ అబ్బాయి నోటిమాట ఆర్నెల్ల తర్వాత పనికిరాదు.

ఎత్తుకు రెండో ముఖం కూడా ఉంది. పెద్ద రైడ్లకు కనీస ఎత్తు పెట్టేది పిల్లల్ని ఏడిపించడానికి కాదు. భుజాల మీదికి దిగే పట్టీ, తొడల మీది కడ్డీ ఒక కొలత ఒంటికి సరిపోయేలా తయారవుతాయి. చిన్న ఒళ్లు అందులోంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి సిబ్బందిని బతిమాలి లాభం లేదు, బతిమాలకూడదు కూడా. 105 సెం.మీ. ఉన్న పాపకు పాసు కొంటే ఏడాదంతా చిన్నపిల్లల రైడ్లు, లోతులేని కొలను మాత్రమే. ఇంకో రెండేళ్లు ఆగి కొంటే అదే డబ్బుకు మొత్తం పార్కు దొరుకుతుంది. పెద్దల్లోనూ గర్భిణులను, గుండె జబ్బు, వెన్నునొప్పి ఉన్నవాళ్లను ఎక్కనివ్వరు. సంచులు చూసుకుంటూ బెంచీ మీద కూర్చునే నాయనమ్మ కోసం పాసు తీసుకోవద్దు. ఆవిడ వచ్చే ఒకటి రెండుసార్లకు పెద్దవాళ్ల తగ్గింపు టికెట్ చాలు.

గడువు ఏ రోజు మొదలవుతుందన్నది చాలామంది చూడరు. మూడు రకాలుంటాయి: కొన్నరోజు నుంచి ఏడాది, మొదటిసారి లోపలికి వెళ్లిన రోజు నుంచి ఏడాది, ఫలానా తేదీ దాకా అందరికీ ఒకటే గడువు. మూడోదాన్ని సెప్టెంబరులో కొంటే మీకు దక్కేది నాలుగు నెలలో ఆరు నెలలో. రెండోది అన్నిటికన్నా మేలు, దాన్ని వాడుకునే ఉపాయమూ ఉంది. మొదటి ప్రవేశం మే నెల చివరి వారంలో, పాసు చెల్లే రోజు చూసి పెట్టుకోండి. గడువు వచ్చే మే చివరిదాకా ఉంటుంది కాబట్టి ఒకే పాసుకు రెండు వేసవులు అందుతాయి. రెండో వేసవిలో ఏప్రిల్ 24 తర్వాత కూడా నెల రోజులుంటుంది. ప్రకటన చూసి ఏప్రిల్ మొదటివారంలో పరుగెత్తి వాడేసినవాళ్లకు మరుసటి ఏడు సెలవులు మొదలవకముందే గడువు ముగుస్తుంది.

కుటుంబ పాసు అన్నచోట నలుగురూ కలిసి వస్తేనే చెల్లుతుందో, విడివిడిగా రావచ్చో అడగాలి. నాన్నకు సెలవు దొరకని రోజు అమ్మా పిల్లలూ గేటు దగ్గర ఆగిపోతే దానికన్నా అవమానం ఉండదు. పాసు మీద ఫొటో ఉంటుంది, కొన్నిచోట్ల వేలిముద్ర కూడా. బావమరిది పిల్లలకు ఇచ్చి పంపడం కుదరదు. గుర్తింపు కార్డు నకలు అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ జారీచేసే యూఐడీఏఐ సంస్థ సైటులో దొరుకుతుంది. పాసుతో పాటు వచ్చే కూపన్ల పుస్తకానికి ‘రూ. 5,000 విలువ’ అని రాస్తారు. అందులో మీరు ఎలాగూ కొనేవాటికే విలువ కట్టండి, మిగతాది కాగితం. క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ సౌకర్యం పాసులో కలిసి ఉందని ఎక్కడా రాయకపోతే లేదనే అర్థం.

పాసు కొన్నాక ఖర్చు తగ్గించుకునే చోటు ఒకటుంది, బట్టలు. నూలు బట్టలతో నీళ్ల రైడ్లలోకి రానివ్వరు. పీచు రాలి ఫిల్టర్లలో చేరుతుంది, తడిస్తే బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, స్లైడు మీద జారదు. చున్నీలు, చీరకొంగులు చిక్కుకునే భయం వేరే. నైలాన్, లైక్రా బట్టలు లోపల అద్దెకో అమ్మకానికో పెడతారు. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లకు అద్దె చాలు. పాసున్నవాళ్లు ఊళ్లోనే ఒక జత కొనుక్కోవాలి. ఇంటికొచ్చాక నానబెట్టి ఉంచకుండా వెంటనే మంచినీళ్లతో పిండి నీడలో ఆరేయండి. క్లోరిన్ పట్టి ఉంటే ఎలాస్టిక్ తొందరగా వదులైపోతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లో వేలమంది. డిస్నీ పాసు తీసుకోమంటారా అని వాళ్లూ అడుగుతుంటారు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో చౌక పాసులు ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు రుజువు చూపినవాళ్లకే. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు అది ఉండదు. మూడేళ్లలోపు మనవలకు టికెట్టే అక్కర్లేదు. ఒకే ఊళ్లో నాలుగైదు రోజులు తిరిగేవాళ్లకు పాసుకన్నా ఎక్కువ రోజుల టికెట్ నయం, రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుంది. ఆ సంస్థ కథలో మనం నేర్చుకోదగిన సంగతి ఇంకొకటుంది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడింది, 2021 జనవరిలో పాత ఏడాది పాసులు రద్దు చేసింది. అదే ఏడాది ఆగస్టులో కొత్తవి తెచ్చింది. వాటిలో 1,399 డాలర్ల అతి ఖరీదైన పాసుకు ‘చెల్లని రోజులు లేవు’ అన్నారు. వెళ్లాలంటే మాత్రం ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. రోజు టికెట్లు అమ్ముడవుతున్న తేదీలకే పాసుదారులకు రిజర్వేషన్ దొరకలేదంటూ కోర్టులో దావా పడింది. 2023లో 95 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మన దగ్గరా పాసు మీద ‘ముందస్తు బుకింగ్ తప్పనిసరి’ అని ఉంటే, ఒక రోజుకు పాసుదారులకు ఎన్ని చోట్లు కేటాయిస్తారో అడగాలి. ‘చెల్లని రోజులు లేవు’ అన్నమాటా, ‘వెళ్లొచ్చు’ అన్నమాటా ఒకటి కావు.

కొనేచోట జాగ్రత్త గురించి నాలుగు ముక్కలు. మాల్స్‌లో చీటీ నింపించుకుని, ‘బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ హోటల్‌కు రండి’ అని పిలిచి, రిసార్టులూ పార్కులూ కలిపి సభ్యత్వం అంటగట్టే వ్యవహారానికీ పార్కు పాసుకూ సంబంధం లేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో సగం ధరకు పాసులంటూ వచ్చే లింకులు నొక్కకండి. పార్కు సొంత సైటులోనో కౌంటర్‌లోనో తీసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా వడ్డీ భాగం మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కార్డు బిల్లులో కనిపిస్తాయి. గడువు ముగిశాక పాసు దానంతటదే రెన్యువల్ అయ్యేలా టిక్కు పెట్టి ఉందేమో చూడండి. కార్డు మీద ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. యూపీఐ అయితే యాప్‌లో ఆటోపే దగ్గరికి వెళ్లి మనమే ఆపేసుకోవచ్చు.

‘ఇంకా 2 పాసులే ఉన్నాయి’ అని తొందరపెట్టడం, అడగని ఇన్సూరెన్సో విరాళమో బుట్టలో వేయడం, మొదట ఒక ధర చూపి చివరి పేజీలో పెంచడం, ఇవన్నీ వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో ఉన్నవే. అలాంటి పేజీ ఎదురైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మొదట పార్కుకు ఈమెయిల్, స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పార్కు ఏ జిల్లాలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ప్రకటన కాగితం, బిల్లు, షరతుల పేజీ, ఈమెయిల్ జవాబు జతచేస్తే వకీలు లేకపోయినా నడుస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఏడాది పాసు ప్రకటన తీసుకునేటప్పుడు నాలుగు సంగతులు ధర ఉన్న సైజు అక్షరాల్లోనే ఉండాలని మీ ప్రకటనల విభాగం పట్టుబట్టాలి: పన్నుతో కలిపిన ధర, పాసు చెల్లని రోజుల మొత్తం సంఖ్య, గడువు మొదలయ్యే రోజు, పిల్లల ఎత్తు ఎప్పుడు కొలుస్తారన్నది. పూర్తి పేజీ ప్రకటనలో నీళ్లలో దూకే కుటుంబం ఫొటోకు ముప్పావు పేజీ ఇస్తున్నారు. ఈ నాలుగు వరుసలకు రెండంగుళాలు చాలు.

ఇట్లు,
బడులకు, అపార్ట్‌మెంట్లకు విహారయాత్రల బుకింగ్ చూసే ఒక పాఠకుడు
హయత్‌నగర్, హైదరాబాద్